పన్నెండు పెన్నులు

ప్రతి శనివారం మధ్యాహ్నం రెండున్నర గంటలకు నేను ఒక ఇనుప గేటు దగ్గర నా గుడ్డ సంచి తెరిచి చూపిస్తాను. అందులో పన్నెండు బాల్‌పెన్నులు, ఒక సుద్దముక్కల డబ్బా, కళ్లజోడు, నీళ్ల సీసా ఉంటాయి. కాపలాదారు పెన్నులను ఒక్కొక్కటిగా బల్ల మీద పరిచి లెక్కపెట్టి, రిజిస్టరులో నా పేరు పక్కన ‘పెన్నులు 12’ అని రాసుకుంటాడు. నాలుగున్నరకు నేను తిరిగి వచ్చేటప్పుడు అదే బల్ల మీద అదే లెక్క మళ్లీ జరుగుతుంది. తీగచుట్ట ఉన్న నోటుపుస్తకాలు, స్టీలు స్కేళ్లు, జామెట్రీ పెట్టెలు లోపలికి రానివ్వరు. పెన్ను కూడా ఆయుధమే కదా సార్ అని మొదటి రోజు అన్న ఆ కాపలాదారుకు, కలం గొప్పతనం గురించి బడిలో నేనిచ్చిన ఉపన్యాసాలేవీ తెలియవు. అతను అన్నది అక్షరాలా పెన్నుమొన గురించే.

నేను కర్నూలు జిల్లా ఉన్నత పాఠశాలల్లో 31 సంవత్సరాలు తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఉచిత న్యాయ సహాయం పని చూసే నా పాత విద్యార్థి ఒకడు అడిగితే, చట్టంతో ఘర్షణ పడిన, అంటే నేరారోపణ మీద పట్టుబడిన, మగపిల్లలుండే ఒక పరిశీలక గృహానికి వెళ్లి కథలు రాయించడం మొదలుపెట్టాను. ఇది మూడో సంవత్సరం. ఆ గృహం సీమలోనే ఉంది, అంతకుమించి చెప్పను. బాల న్యాయ చట్టం, 2015లోని 74వ సెక్షను ప్రకారం అలాంటి పిల్లవాడి పేరు, ఊరు, చదివిన బడి, అతన్ని గుర్తుపట్టడానికి వీలిచ్చే ఏ వివరమైనా ప్రచురించడం నేరం. ఆరు నెలల వరకు జైలో, రెండు లక్షల రూపాయల వరకు జరిమానానో, రెండూనో పడవచ్చు. శిక్ష సంగతి అలా ఉంచినా ఈ నియమం నాకు నచ్చుతుంది. అందువల్ల ఇక్కడ పిల్లలకు పేర్లుండవు. వాళ్ల పనులను, ఊళ్లను కొంత మార్చాను. వాళ్ల మాటలు, కాగితాల్లోని వాక్యాలు కొన్ని మాత్రం వాళ్లు సరేనన్నాకే ఇక్కడ పెడుతున్నాను.

మొదటి శనివారం పద్నాలుగు మంది వచ్చి కూర్చున్నారు. ఎత్తుగా ఉన్న కిటికీలోంచి వంటగది పొగ వస్తోంది. నేను అలవాటు కొద్దీ నల్లబల్ల మీద ‘నా జీవితం’ అని శీర్షిక రాసి, కింద గీత గీసి, ఎవరి కథ వాళ్లు రాయండి, భయపడకండి అన్నాను. ముందు వరుసలోని ఒక బక్కపలచని పిల్లవాడు చెయ్యెత్తాడు.

“ఇది బోర్డుకు పోతాదా సార్?”

బోర్డు అంటే నల్లబల్ల అనుకున్నాను. “లేదు నాయనా, నువ్వు పుస్తకంలోనే రాసుకో, బోర్డు మీద నేను రాస్తాలే” అన్నాను. ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. వాడు అడిగింది బాల న్యాయ మండలి గురించని, వెనక కూర్చున్న కౌన్సిలరు గారు వచ్చి చెవిలో చెబితే గానీ నాకు అర్థం కాలేదు. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండే ఆ మండలిని (ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ కావాలి) పిల్లలందరూ బోర్డు అనే అంటారు. పట్టుకున్న 24 గంటల్లోగా పిల్లవాణ్ణి ఆ మండలి ముందు హాజరుపరచాలి. అప్పటి నుంచి 15 రోజుల్లో ప్రొబేషన్ అధికారి వాడి ఇంటి పరిస్థితులు విచారించి సామాజిక పరిశోధన నివేదిక ఇవ్వాలి. అంటే నా దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్లవాడు తన జీవితాన్ని స్టేషనులో ఒకసారి, మండలి ముందు ఒకసారి, ప్రొబేషన్ అధికారికి ఒకసారి, కౌన్సిలరుకు ఒకసారి చెప్పి ఉన్నాడు. ప్రతిసారీ ఎదుటివాళ్లు రాసుకున్నారు. ఐదోవాణ్ణి నేను, సంచిలో పెన్నులు పెట్టుకుని మరీ వచ్చాను.

రాయడం వచ్చిన పది మందిలో తొమ్మిది మంది ఆ రోజు ఒకే కథ రాశారు. నేను తప్పు చేశాను. చెడు స్నేహాల వల్ల చెడిపోయాను. అమ్మానాన్నల మాట వినలేదు. ఇక చేయను. బాగా చదువుకుని మంచి పేరు తెచ్చుకుంటాను. పోలీసు ఉద్యోగం చేస్తానని ముగ్గురు రాశారు. కాగితాలను ఇంటికి తెచ్చుకుని ఎర్ర సిరాతో ఒత్తులూ దీర్ఘాలూ దిద్దుతుంటే, నా భార్య రెండు మూడు చదివి, “ఇవన్నీ ఒకే పిల్లోడు రాసినాడా ఏంది?” అంది. పదో పిల్లవాడు కాగితం నిండా తన పేరే రాసి ఇచ్చాడు. ఆ కాగితాన్ని నేను దిద్దలేదు. నిజం చెప్పాలంటే అప్పుడు దాన్ని ఖాళీ కాగితం కిందే జమకట్టాను.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. పరిశీలక గృహంలో ఉన్న పిల్లవాడి విచారణ ఇంకా ముగిసి ఉండదు. తప్పు చేశాడని ఎవరూ తేల్చలేదు. ఏ పిల్లవాణ్ణయినా ముందు నిర్దోషిగానే చూడాలన్నది ఆ చట్టం మూడో సెక్షనులో చెప్పిన మొట్టమొదటి సూత్రం. అలాంటిది, తేలని తప్పుకు పశ్చాత్తాపం రాయించి, దానిలో వర్ణక్రమ దోషాలు దిద్దడానికి నేనెవరిని? ఆ కాగితం పొరపాటున ఎవరి ఫైలులోకైనా చేరితే దాని గతేమిటి? మరుసటి వారం సూపరింటెండెంటు గారితో మాట్లాడి రెండు షరతులు ఒప్పించుకున్నాను. పిల్లలు రాసింది ఏ ఫైలులోకీ పోకూడదు. నోటుపుస్తకం పిల్లవాడిది, ఉంచుకుంటాడో చింపుకుంటాడో వాడి ఇష్టం. ఆయన మూడో షరతు పెట్టారు: ఎవరైనా తనకు గానీ ఇంకొకరికి గానీ హాని చేసే ఆలోచనలో ఉన్నట్టు రాతలో కనిపిస్తే నేను దాచకూడదు. అది న్యాయమే. ఈ మూడు షరతులనూ ప్రతి కొత్త పిల్లవాడికీ రాయడానికి కూర్చునే ముందే చెబుతాను. ఆ తర్వాత ఒక్కటే మాట చెబుతాను: చేసింది రాయొద్దు, చూసింది రాయండి.

అక్కడ పాఠ్యప్రణాళిక అనేది కుదరదని కూడా త్వరలోనే తెలిసింది. విచారణను నాలుగు నెలల్లో ముగించాలని, అవసరమైతే మరో రెండు నెలలు పొడిగించవచ్చునని చట్టంలో ఉన్నా, చాలామంది బెయిలు మీద కొద్ది రోజులకో వారాలకో వెళ్లిపోతారు. గత శనివారం సగం కథ రాసినవాడు ఈ శనివారం ఉండడు. ఉండకపోవడమే మంచిది కదా, దానికి ఉపాధ్యాయుడు నొచ్చుకోవడం ఎంత వింత! ‘సశేషం’ అనే మాట మా గదిలో పనికిరాదు. ఏది మొదలుపెట్టినా ఆ రెండు గంటల్లోనే ముగియాలి.

అందుకని పొడుపుకథలతో మొదలుపెట్టాను. వస్తువు పేరు చెప్పకుండా దాన్ని ఎదుటివాడి కళ్లముందు నిలబెట్టడమే పొడుపుకథ పని. ఈ పిల్లల్లో చాలామందికి జేజి దగ్గరో అవ్వ దగ్గరో విన్నవి పదీ పన్నెండు వచ్చు. విన్నవి చెప్పుకోవడం అయిపోయాక, ఈ గోడల లోపల ఉన్న వస్తువుల మీద కొత్తవి కట్టమంటాను. తాళం మీద, చీపురు మీద, సన్నగా తిరిగే ఫ్యాను మీద కట్టారు. మనిషి గురించి అడిగితే మూసుకుపోయే నోళ్లు వస్తువు గురించి అడిగితే తెరుచుకుంటాయి. ‘నా జీవితం’ నాడు తన పేరే రాసిన పిల్లవాడు చీపురు గురించి ఏడు వాక్యాలు చెప్పాడు.

తర్వాత నాకు బాగా అక్కరకు వచ్చింది వజ్రాల వేట. మా జిల్లాలో తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చుట్టుపక్కల చేలల్లో జనం తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతారు. వానకు పైమట్టి కొట్టుకుపోయి కింది రాళ్లు బయటపడతాయి కాబట్టి ఆ వానల కాలమే అదను. వేరే జిల్లాల నుంచి సద్దిమూట కట్టుకుని వచ్చి చెట్ల కింద కాపురం పెట్టేవాళ్లూ ఉన్నారు. ఒక శనివారం బయట జల్లు పడుతుంటే నేను నల్లబల్ల మీద ఒక్క వాక్యం రాశాను: ‘వజ్రం దొరికింది, ఎవరికీ చెప్పకూడదు.’ తర్వాత ఏం జరిగిందో మీరు రాయండి అన్నాను.

“దొరికినోడు చెప్పడు సార్, చెప్పినోడికి దొరికుండదు” అన్నాడు ఆ వైపు పిల్లవాడొకడు. వాడు ఎన్నిసార్లు ఎండలో వెతికాడో ఆ ఒక్క మాటలో తెలిసింది.

ఆ రోజు అందరూ రాశారు. రాయడం రానివాళ్లు చెబుతుంటే నేను రాశాను. ఒక కథలో వ్యాపారి రాయిని గీకి చూసి పలుగురాయి అంటాడు. ఇంకో కథలో అన్నదమ్ములు చేను పంచుకుంటారు, దొరికిన గట్టు ఎవరి వాటాలోకి వచ్చిందని గొడవ. నేను మరవలేనిది పదిహేనేళ్ల పిల్లవాడొకడు పేజీన్నరలో రాసింది. అందులోని కుర్రవాడు వజ్రాన్ని దాచడానికి ఇంట్లో చోటు లేక నోట్లోనే దవడన పెట్టుకుంటాడు. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడడు. సంగటి ముద్దను ఒక పక్క నుంచే మింగుతాడు. ఎదురింటివాళ్లు వీడికి గాలి సోకిందంటారు. వాళ్లమ్మ చెంప వాపు చూసి పంటినొప్పి అనుకుని, లవంగం తెచ్చి, ఏదీ నోరు తెరువు నాయనా అంటుంది. అక్కడ ఆపేశాడు. తర్వాత ఏమైందని అడిగాను. “అమ్మ అడిగినాక నోరు తెరవల్ల గదా సార్” అన్నాడు, ఇందులో అడగడానికేముందన్నట్టు.

దాచడం, భయం, అమ్మ ముందు నోరు తెరవవలసి రావడం అన్నీ ఆ పేజీన్నరలో ఉన్నాయి. అయినా అందులో వాడి కేసుకు సంబంధించిన అక్షరం ఒక్కటి లేదు. ఏ బోర్డుకు పోయినా ఆ కాగితం వాడి మీద సాక్ష్యం చెప్పదు. కల్పన ఈ పిల్లలకు ఎందుకు కావాలో ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వస్తూ నాకు తోచింది. నిజం చెప్పండి, నిజం చెప్పండి అని అన్ని వైపుల నుంచీ అడిగించుకున్నవాడికి, అబద్ధమాడినందుకు ఎవరూ కోప్పడని చోటు ఒకటుండాలి.

రాయడం రానివాళ్ల సంగతి కొంత చెప్పాలి. ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలు ఏటా గుంటూరు వైపు పత్తికీ మిరపకాయలకూ సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. ఇంటికి తాళం వేసి పోయేటప్పుడు పిల్లల్ని ఎవరి దగ్గర వదులుతారు? వెంట తీసుకుపోతారు. నాలుగు నెలల తర్వాత తిరిగి వచ్చేసరికి బడిలో పాఠాలు అయిపోయి ఉంటాయి. అలా రెండు మూడేళ్లు గడిస్తే, ఏడో తరగతి హాజరుపట్టీలో పేరున్నవాడికి కూడా గుణింతం పట్టుబడదు. ఇలాంటి పిల్లలు చెబుతుంటే నేను రాసిపెడతాను. మొదట్లో అలవాటుగా వాళ్ల మాటను శిష్టభాషలోకి మార్చి రాసేవాణ్ణి. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసిన ఒక పిల్లవాడు ఆ పని గురించి చెబుతున్నాడు. మిషను కింద బండ మీద నీళ్లు పడుతూనే ఉండాలట. బూడిదరంగు బురద కాళ్ల వేళ్ల మధ్య చేరి పుండ్లు పడతాయట. తడిగా ఉన్నంతసేపూ నల్లగా మెరిసే బండ ఆరిపోగానే తెల్లబోతుందట. పాలిష్ సరిగా వచ్చిందని ఎలా తెలుస్తుందని అడిగితే, కళ్లు మూసుకుని అరచేతిని గాలిలో జరిపి చూపిస్తూ, “చెయ్యి పెడితే యాడా ఆగగూడదు సార్, జారిపోతానే ఉండల్ల” అన్నాడు. నేను రాసి చదివి వినిపించాను: ‘చేయి ఎక్కడా ఆగకూడదు, జారిపోతూనే ఉండాలి.’

“నేనట్ల అన్లేదు సార్.”

అర్థం అదే కదా అన్నాను. వాడు కాసేపు ఊరుకుని, “స్టేషన్లో గూడా అట్లనే చదివినారు సార్. నేను చెప్పిందే, కానీ నా మాట కాదది” అన్నాడు.

అప్పటి నుంచి వాళ్లు అన్నది అన్నట్టే రాస్తున్నాను. ‘ఉండల్ల’ను ‘ఉండాలి’ చేయను. ముప్పై ఏళ్లు బడిలో ‘పోతాది’ అని రాసిన ప్రతి పిల్లవాడి కింద ఎర్రగీత పెట్టినవాణ్ణి, ఆ గీతలన్నీ ఇప్పుడు వెనక్కి తీసుకోలేను. అలాగని ప్రామాణిక భాష అక్కర్లేదని నేను అనను. సార్వత్రిక పాఠశాల (ఓపెన్ స్కూలు) పరీక్ష రాసేవాడికి, అర్జీ పెట్టుకునేవాడికి అది కావాలి, చివరి అరగంట అదే నేర్పుతాను. కథ మన నోటితో, అర్జీ వాళ్ల చెవితో రాయాలి అని చెబుతాను. ఈ తేడా వాళ్లకు నాకంటే ముందే తెలుసు. చదువు రాని తల్లికి ఉత్తరం రాస్తున్న పిల్లవాడొకడు నాలుగు వాక్యాల్లో ముగించేశాడు. ఇంకేమైనా రాయరాదా అంటే, “అమ్మకు చదివి చెప్పేది పక్కింటి అక్క సార్. ఆయమ్మకు తెలియల్సినంతే రాస్తి” అన్నాడు. రాసేటప్పుడు చదివేవాళ్లను దృష్టిలో పెట్టుకోవాలని నేను ఎన్నో గంటలు చెప్పినా ఇంత తేటగా ఎవరికీ చెప్పలేకపోయాను.

భాష గురించి అక్కడ నేను చూసిన పెద్ద తమాషా మేక పంచనామా. పిల్లలకు సంబంధించిన ఏ ప్రక్రియలోనూ నిందించే మాటలు, ముద్ర వేసే మాటలు వాడకూడదని ఆ చట్టంలోనే ఉంది. అయినా పిల్లల చెవుల్లో ఆ మాటలు ఎక్కడెక్కడివో వచ్చి చేరి ఉంటాయి. పదహారేళ్లవాడొకడు, మాటకు ముందు నవ్వే పిల్లవాడు, తప్పిపోయిన మేక గురించి రాయమంటే లేచి నిలబడి గొంతు సవరించుకుని చదివాడు: “సాయంత్రము సుమారు ఆరు గంటల సమయమందు సదరు మేక తన స్వబుద్ధితో, ఎవరి ప్రోద్బలము లేకుండా, ముళ్లకంచె దాటినది. సదరు మేకను ప్రశ్నించగా మే అని తెలియజేసినది. మధ్యవర్తుల సమక్షములో దాని నోటి నుండి సగము తిన్న కందిమండ ఒకటి స్వాధీనపరచుకోవడమైనది.” గది గదంతా విరగబడి నవ్వింది. గొడవేమిటోనని కాపలాదారు పరుగున వచ్చి, విషయం తెలిశాక తలుపు దగ్గరే నిలబడి మళ్లీ చదివించుకుని విన్నాడు. తరువాత మూడు శనివారాల పాటు మా గదిలో అందరూ సదరు భాషలోనే మాట్లాడారు. సదరు సుద్దముక్క విరిగినది. సదరు సారు వారు నీళ్లు తాగుచున్నారు. తమను కట్టిపడేసిన భాషను ఒకసారి ఎగతాళి చేశాక వాళ్లు దానికి అంతకుముందులా బెదరలేదని నేను గమనించాను.

ఇదంతా చదివి ఆ పిల్లలందరూ వజ్రపు తునకలని ఎవరైనా అనుకుంటే నా రాతలో లోపముందన్నమాట. ఎవరు ఏ కేసులో వచ్చారో నేను అడగను, ఎవరైనా చెప్పబోయినా వద్దంటాను. కానీ ఒక ఉదయం పత్రికలో పేరు లేకుండా వచ్చిన చిన్న వార్త చదివి, అందులోని వివరాలను బట్టి అది ఎవరి గురించో గుర్తుపట్టాను. అందులో దెబ్బతిన్నది కూడా ఒక పిల్లే. ఆ శనివారం వాడు పుస్తకం చూపించడానికి దగ్గరికి వచ్చినప్పుడు నా చెయ్యి ముందుకు రాలేదు. పక్కనున్న పుస్తకం దిద్దుతున్నట్టు నటించాను. అతి కష్టం మీద తర్వాతి వారం వాడి పేజీ చదివాను; బాగానే రాశాడు, బాగుందని చెప్పాను. క్షమించడం నా పని కాదు, ఆ హక్కు వేరే ఇంట్లో ఉంది. నేను చేయగలిగింది వాక్యం బాగుందో లేదో చెప్పడమే. ఈ మాటతో నాకు పూర్తి సమాధానం దొరికిందని చెప్పను; దీనితోనే నెట్టుకొస్తున్నాను.

పిల్లల రచనలను పుస్తకంగా వేద్దామని, ఆవిష్కరణ సభ పెడదామని నాతో అన్న పెద్దమనుషులున్నారు. ఫొటోల్లో ముఖాలు మసకగా పెడితే చాలు కదా అన్నారొకరు. నాకు ఇష్టం లేదని చెప్పి టీ ఇచ్చి పంపాను.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పోయినేడాది శ్రావణమాసంలో ఒక సాయంత్రం గేటు దగ్గర లెక్క పదకొండు వచ్చింది. మళ్లీ లెక్కపెట్టినా పదకొండే. సంచి బోర్లించి దులిపారు, ఏమీ పడలేదు. నేను బల్ల పక్కన నిలబడి ఉండగానే లోపల పిల్లల పెట్టెలు, పరుపులు, బట్టలు వెతికారు. తలుపు సందులోంచి వాళ్లు వరుసగా చేతులెత్తి నిలబడడం కనిపించింది. తర్వాతి రెండు శనివారాలు తరగతి జరగలేదు. అనుమానమంతా మేక పంచనామా రాసినవాడి మీదికి పోయింది, ఎప్పుడూ నవ్వేవాడు కదా. మూడో ఆదివారం నా భార్య సంచి ఉతకబోయి, అడుగున చినిగిన అస్తరులోంచి పెన్ను తీసి నా చేతిలో పెట్టింది. ఏమీ అనలేదు.

ఆ మధ్యాహ్నమే వెళ్లాను. పోనీలెండి, దొరికింది కదా అన్నారు సూపరింటెండెంటు గారు. నేను పిల్లల్ని కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. ఎవరూ మాట్లాడలేదు. చివరికి మేకవాడు, “రాసి ఇయ్యండి సార్” అన్నాడు. ఎగతాళికి అన్నాడో నిజంగానే అన్నాడో తెలియలేదు గానీ నేను వెంటనే కూర్చుని ఒక పేజీ రాశాను. సంచి పాతబడటం, అస్తరు చినగటం, ఆ రోజు మబ్బు పట్టి చీకటిగా ఉండటం, నా చూపు మందగించటం, బస్సు వేళ దగ్గర పడటం అన్నీ మంచి భాషలో వివరించాను. వాడు దాన్ని బిగ్గరగా చదివి, కాగితం నా ముందు పెట్టి, “దీంట్లో అన్నీ కారణాలే ఉండాయి సార్” అన్నాడు.

ఒక్కొక్క కారణం కొట్టేసుకుంటూ పోతే చివరికి రెండే వాక్యాలు మిగిలాయి. నేను తప్పు చేశాను. ఇక చేయను. మొదటి శనివారం తొమ్మిది కాగితాల మీద నేను ఎర్ర సిరాతో దిద్దినవి ఈ వాక్యాలనే. వాటిని రాయడానికి నాకు ముప్పావుగంట పట్టింది. “ఇది బోర్డుకు పంపల్లా సార్?” అన్నాడు వెనక నుంచి ఇంకొకడు, అప్పుడు గానీ గదిలో నవ్వు రాలేదు. ఆ కాగితాన్ని గేటు రిజిస్టరులో ‘పెన్నులు 11’ అని రాసిన పేజీకి అంటించాను, ఇప్పటికీ ఉంది.

పిల్లలు వెళ్లిపోయేటప్పుడు నోటుపుస్తకాలను చాలామంది వదిలేసిపోతారు. తప్పు రుజువైన కేసులో కూడా, అప్పీలు గడువు దాటాక ఆ రికార్డును నాశనం చేయాలని 24వ సెక్షను చెబుతోంది. పదహారేళ్లు నిండి, ఘోర నేరాల్లో పెద్దవాళ్లలా విచారణ జరిగి దోషులుగా తేలినవాళ్ల సంగతి వేరు. చట్టమే చెరిపేయమన్న చోట నేను దాచిపెట్టడం తగదు. వదిలేసిన పుస్తకాలను ఆరు నెలలు బీరువాలో ఉంచి, ఎవరూ అడగకపోతే నా చేత్తోనే చింపేస్తాను. నోట్లో వజ్రం పెట్టుకున్న కుర్రవాడి కథ అలాగే పోయింది. పైన నేను చెప్పింది గుర్తున్నంత మేరకు చెప్పిందే. అసలు కాగితంలో వాళ్లమ్మ లవంగం ఎక్కడి నుంచి తెచ్చిందో కూడా ఉండేది, అది నాకు గుర్తుకు రావడం లేదు.

మేకవాడు కార్తీకంలో బెయిలు మీద వెళ్లాడు. వెళ్లే ముందు శనివారం ఒక పొడుపుకథ వేశాడు. “పొద్దున లెక్కపెడతారు, మాపున లెక్కపెడతారు, లెక్క ఎప్పుడూ సరిగ్గానే వస్తాది, అయినా నమ్మరు.” మేమే సార్ అన్నారు అందరూ ఒక్కసారిగా. కాదన్నాడు. తాళంచెవులన్నారు, కంచాలన్నారు. నా వైపు ఓరగా చూసి పెన్నులన్నారు. అన్నిటికీ కాదన్నాడు. వచ్చే వారం విప్పుతానన్నాడు, వచ్చే వారానికి వాడు లేడు.

అప్పటి నుంచి కొత్తగా వచ్చిన ప్రతి పిల్లవాడినీ ఆ పొడుపుకథ అడుగుతున్నాను. జవాబులను నా పుస్తకంలో రాసుకుంటున్నాను, ఏది తప్పో చెప్పలేను కాబట్టి అన్నీ ఉన్నాయి. నిన్నటి శనివారం, వచ్చి నాలుగు రోజులైన ఒక చిన్నవాడు గోడకు ఆనుకుని కూర్చుని చాలాసేపు ఆలోచించాడు.

“మా జేజి మేకలు సార్” అన్నాడు. “దొడ్లోంచి తోలేటప్పుడు ఒకతూరి, తోలుకొచ్చినాక ఒకతూరి లెక్కపెడతాది. పదమూడే ఉంటాయి. మల్లా నన్ను పిలిచి లెక్కపెట్టమంటాది.”

ఇప్పుడు ఎవరు లెక్కపెడుతున్నారని అడగబోయి, ఆగిపోయి, పెన్ను వాడికిచ్చాను.